పిక్క

ఎడమకాలి పిక్కలో అదురు.
తిమ్మిరి అనలేను, నొప్పి అనలేను,
బియ్యం సంచిలో పురుగు కదిలినట్టు
పైన చర్మం, కింద ఏదో తెలియనిది.

"ఆడోళ్ళకి ఎడమ అదిరితే మంచిదేలే" అంది అత్త.
కన్నుకి చెప్పారు, భుజానికి చెప్పారు పెద్దోళ్ళు.
పిక్కకి ఏటి చెప్పారో ఆవిడకీ గుర్తులేదు.

పలాసలో భయమంటే కిడ్నీ.
ఒంట్లో నలతగా ఉందంటే చాలు
"క్రియాటిన్ ఎంతే?" అంటుంది ఢిల్లేశ్వరి
ఉల్లిపాయలెంత అన్నట్టు.
ఆ భయానికి శిబిరాలున్నాయి, కార్డులున్నాయి.
నా భయానికి ఒక్కటే చిరునామా,
కాశీబుగ్గ బస్టాండు వెనక దాలినాయుడి ఇల్లు.

టీ కొట్టు దాలినాయుడు.
గ్లాసుకీ గిన్నెకీ మధ్య మూరెడు ధార తీసేవాడు,
చుక్క ఒలికేది కాదు.
ఓ చలికాలం పొద్దున్న
బొటనవేలి మొదట్లో కండ అదిరిందట.
నవ్వుతూ అందరికీ చూపించాడట.
దసరాకి గ్లాసు జారింది.
ఆపై ఏడాదికి మాట.

జీడిపిక్కల కార్ఖానాలో నాది కటింగు బల్ల.
కాలితో పెడలు, చేత్తో పిడి.
పిక్క రెండుగా విడాలి, లోపల పప్పు విరగకూడదు.
ఎన్ని బద్దలయ్యాయో సాయంత్రం మేస్త్రీ తూస్తాడు.
అంతకుముందే నేను లెక్కపెట్టుకుంటాను.
పన్నెండు విరిగితే చేతిలో పట్టు పోతోందని,
ఏడే విరిగితే ఇంకా టైముందని.

రాత్రి వంటగదిలో ఒంటికాలి మీద నిలబడతాను.
మడమల మీద నడుస్తాను, మునివేళ్ళ మీద నడుస్తాను.
అద్దం ముందు నాలుక చాపుతాను, అది వణుకుతుంది.
ఎవరి నాలుకైనా అట్టే చూస్తే వణుకుతుందని
నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన చెయ్యి లాగి పిక్క మీద పెట్టుకుంటే
అదురు ఆగిపోతుంది.
దొంగ. సాక్షులుంటే రాదు.
చూసింది ఒక్కత్తే, మా చిన్న గుంట, దోమతెరలో:
"అమ్మా, లోపల చేపుందేటి?"
వేలు ఆనించి కాసుకుని కూచుంది
గాలం వేసినట్టు.

పుట్టింటికని చెప్పి శ్రీకాకుళం వెళ్ళాను.
డాక్టరమ్మ సుత్తితో మోకాలు కొట్టింది.
"తొయ్యి" అంది.
తోస్తే కుర్చీతో సహా వెనక్కి జరిగింది.
"ఏం పని చేస్తావు?"
"పిక్కలు కొడతానమ్మా."
"మరి పిక్క అదరదా" అని నవ్వింది.
"బలం తగ్గితే బేగి రా. అదిరితే రాకు."

తిరుగు బస్సులో నరసన్నపేట దాకా ఆనందం.
టెక్కలి దాటాక
కుడి కనురెప్ప.

దాలినాయుడి ఇంటికి నెలకోసారి వెళ్తున్నాను,
చేతిలో పావుకిలో బద్దలు.
పరామర్శకి కాదు.
దుప్పటి తొలగితే ఆయన భుజం మీద
సన్నసెగ పాలు మీగడ కింద కదిలినట్టు కండలు.
ఇలా ఉందా నాది, ఇలా లేదా అని
కొలుచుకోడానికి.

వాళ్ళావిడ గున్నమ్మ ప్రతిసారీ అంటుంది:
"అందరూ మానేసినారమ్మా. నువ్వొక్కదానివే వస్తన్నావు."
నేను గచ్చు వైపు చూస్తాను.
గచ్చు మీద పాత టీ మరకలు.

నిన్న గుండు పప్పు తీసుకెళ్ళాను,
ఒక పూట కూలి పెట్టి.
"దీనికెందుకమ్మా అంత ఖర్చు?
మిక్సీలో తిరిగాక గుండైనా బద్దైనా
పాలల్లో ఒకటే" అంది గున్నమ్మ.

దాలినాయుడి కళ్ళు నా మొహం మీంచి దిగి
నా కాలి దగ్గర ఆగాయి.
పాదంతో నేల తొక్కుతున్నాను
పెడలు తొక్కినట్టు, నాకే తెలీకుండా.
ఆయన రెప్ప ఒకసారి వేశాడు.
ఒకసారంటే అవునని.

దేనికి అవునో అడగలేదు.
కుచ్చిళ్ళు కిందికి లాక్కుని
"పాలు చల్లారిపోతన్నాయి" అన్నాను.